కాళ్ల కిందే కెరియర్!

పాత ఇళ్లు, అద్దె గదుల ఫ్లోరింగ్ పనిలో డిగ్రీ కుర్రాళ్లకు చోటుందా?

అశోక్‌నగర్‌లో గది చూసుకునేటప్పుడు ఏం అడుగుతారు? అద్దె ఎంత, అడ్వాన్స్ ఎన్ని నెలలు, నీళ్లు సరిగా వస్తాయా, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి నడిచి వెళ్లొచ్చా... అంతే కదా! నేల సంగతి ఎవరూ అడగరు. దిగిన వారం తర్వాత ఒక్కొక్కటీ బయటపడతాయి. మంచం పక్కన టైల్ మీద కాలు వేస్తే టకటకమంటుంది. బాత్‌రూమ్‌లో నీళ్లు మోరీ వైపు పోకుండా గదిలోకి వస్తాయి. కుర్చీ ఒక కాలు ఎప్పుడూ గాల్లోనే ఉంటుంది. ఓనర్‌కు చెబితే ‘చూద్దాం బాబూ’ అంటారు. ఆయనకూ చేయించాలనే ఉంటుంది. కానీ ఆరు టైల్స్ మార్చడానికి, ఒక బాత్‌రూమ్ వాటం సరిచేయడానికి వచ్చే మేస్త్రీ దొరకడు. పెద్ద మేస్త్రీలు కొత్త అపార్ట్‌మెంట్ల పనిలో ఉంటారు. చిన్న పనికి వచ్చినవాళ్లు సగం చేసి వెళ్లిపోతారు.

మీకు చికాకుగా కనిపించే ఈ విషయమే ఇంకొకరికి పని. ఆ పని మీది కావచ్చా? పోటీ పరీక్షల పుస్తకాలు పక్కన పెట్టేయమని ఈ వ్యాసం చెప్పదు. నోటిఫికేషన్‌కు నోటిఫికేషన్‌కు మధ్య ఖాళీ ఉంటుంది. ఇంటి నుంచి డబ్బు అడగడానికి మొహమాటం ఉంటుంది. వయసు పెరుగుతుంటుంది. వీటి మధ్య చేతిలో ఒక పనితనం ఉంటే రెండో దారి తెరుచుకుంటుంది. సివిల్ డిప్లొమా, బీటెక్ చేసినవాళ్లకైతే పుస్తకంలో చదివింది చేతికి వస్తుంది. ఆర్ట్స్, కామర్స్ వాళ్లకు కూడా అడ్డేమీ లేదు. కావలసింది కొలత, ఓపిక, మాట మీద నిలబడటం.

ఈ పేటల్లోనే ఎందుకు?

బర్కత్‌పుర, నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ ఒకసారి నడిచి చూడండి. పెద్ద గేటు, వేపచెట్టు, వరండా ఉన్న పాత డాబా ఇల్లు ఒకటి కనిపిస్తుంది. దాని పక్కనే లిఫ్టు లేని మూడంతస్తుల అపార్ట్‌మెంట్, ఆ పక్కన గదులుగా విడగొట్టి హాస్టల్‌గా మార్చిన ఇల్లు. కింద యజమాని, పైన అద్దెకు ఉండేవాళ్లు. చాలాచోట్ల ఇదే ఏర్పాటు. కోచింగ్ కోసం వచ్చే విద్యార్థులు మారుతుంటారు. మారిన ప్రతిసారీ గది ఖాళీ అవుతుంది, సున్నం పడుతుంది, ఏదో ఒక మరమ్మతు బయటికొస్తుంది. పాత ఇళ్లూ, అద్దె గదులూ ఒకే చోట ఉన్న ప్రాంతమిది. పైగా ఇక్కడి వీధులు మీకు తెలుసు. చిన్న పనులు చేసేవాడికి ఇది తక్కువ లాభం కాదు. సామాను మోసుకుని నగరం చివరికి వెళ్లే ఖర్చు, సమయం మిగులుతాయి.

ముందు నేలను గుర్తుపట్టండి

ఈ పనిలో మొదటి పాఠం తాపీ పట్టడం కాదు. కాళ్ల కింద ఉన్నదేమిటో చెప్పగలగడం. పాత ఇళ్లలో ప్రధానంగా ఇవి కనిపిస్తాయి.

షాబాద్ బండలు: కర్ణాటకలోని కలబురగి జిల్లా షాబాద్ నుంచి పేరు వచ్చింది. బూడిద, నీలం కలిసిన రంగు. వరండాలు, వాకిళ్లు, మేడ మెట్ల మీద ఎక్కువ.

తాండూరు బండలు: మన వికారాబాద్ జిల్లావి. నీలం, పసుపు రంగుల్లో వస్తాయి. పాలిష్ పెడితే అద్దంలా మెరుస్తాయి. నంద్యాల జిల్లా బేతంచెర్ల బండలు కూడా ఈ కోవలోవే. ఇవన్నీ సున్నపురాయి జాతివి.

మొజాయిక్: సిమెంటులో చలువరాతి ముక్కలు కలిపి చేసిన నేల. కొన్నిచోట్ల పలకలుగా పరుస్తారు, కొన్నిచోట్ల అక్కడికక్కడే పోసి అరగదీస్తారు.

గచ్చు: సిమెంట్ గచ్చు, ఎర్రరంగు కలిపిన రెడ్ ఆక్సైడ్ గచ్చు. అతుకులు ఉండవు. బీటలు వస్తే దాచడం కష్టం.

విట్రిఫైడ్, సిరామిక్ టైల్స్: తర్వాత మార్చిన ఇళ్లలో కనిపించేవి ఇవే. దేశంలో టైల్స్ తయారీకి పెద్ద కేంద్రం గుజరాత్‌లోని మోర్బీ.

ఎందుకు గుర్తుపట్టాలి? ఒక ఉదాహరణ చూడండి. నేల మురికి పట్టిందని బాత్‌రూమ్ యాసిడ్ పోసి కడుగుతారు చాలామంది. సిరామిక్ టైల్ అయితే అతుకుల్లో సిమెంటు తింటుంది. అదే తాండూరు బండో, మొజాయికో అయితే నేలనే తినేస్తుంది. సున్నపురాయి, చలువరాయి రెండింటిలోనూ ఉండేది కాల్షియం కార్బొనేట్. యాసిడ్ తగలగానే బుసబుసమని నురగ వస్తుంది, మెరుపు పోతుంది. అనుమానం ఉంటే ఒక మూల నిమ్మరసం చుక్క వేసి చూడండి. బుడగలు వస్తే అక్కడ యాసిడ్ వాడకూడదు. యజమానికి ఈ ఒక్క మాట చెప్పినా మీ మీద నమ్మకం కుదురుతుంది.

తీసేయాలా? ఉంచాలా?

బర్కత్‌పురలో ఒక పాత ఇల్లు అనుకోండి. రెండో అంతస్తులో 10 అడుగులు, 12 అడుగుల గది. మొజాయిక్ నేల నల్లబడింది, రెండుచోట్ల గుంటలు పడ్డాయి. యజమానురాలు అంటారు: ‘బాబూ, ఇదంతా తీసేసి తెల్ల టైల్స్ వేసేయండి. అద్దెకు వచ్చేవాళ్లు మొహం తిప్పుకుంటున్నారు.’ సరేనని సుత్తి తీసుకోవడం సులువు. కానీ ముందు లెక్క వేయండి.

120 చదరపు అడుగుల గది. మొజాయిక్, దాని కింద పరుపు కలిపి 2 అంగుళాల మందం తీస్తే టన్నుకు పైనే శిథిలాలు వస్తాయి. లిఫ్టు లేదు. రెండంతస్తుల మెట్ల మీదుగా బస్తాల్లో దించాలి. కింద వీధిలో వేస్తే ఊరుకోరు. ట్రాలీ మాట్లాడాలి. నిర్మాణ వ్యర్థాలను తిరిగి వాడుకునేలా మార్చే కేంద్రాలు జీడిమెట్ల, ఫతుల్లగూడల్లో ఉన్నాయి. పగలగొట్టేటప్పుడు కింద పోర్షన్‌లో సీలింగ్ పెచ్చులు రాలొచ్చు. నేల కింద పాత పైపు ఉంటే అది పగలొచ్చు. ఈ ఖర్చు ఎవరిది?

అందుకే మూడు దారులు ఆమె ముందు పెట్టండి.

మొదటిది, మళ్లీ పాలిష్. గుంటలను అదే రంగు చిప్స్‌తో పూడ్చి, ఆరనిచ్చి, గరుకు రాయి నుంచి నున్నటి రాయి వరకు వరుసగా అరగదీసి, చివర ఆక్సాలిక్ యాసిడ్ పొడితో మెరుగు పెడతారు. శిథిలాలు ఉండవు. ఎత్తు పెరగదు. నీళ్లు, బురద మాత్రం ఎక్కువ. అద్దెదారు ఉండగా చేయడం కుదరదు.

రెండోది, ఉన్న నేల మీదే టైల్. టైల్ 9 మి.మీ., జిగురు 3 మి.మీ. అనుకుంటే ఎత్తు 12 మి.మీ. పెరుగుతుంది. ఆ గదికి బరువు సుమారు 270 నుంచి 280 కిలోలు పెరుగుతుంది. తలుపు కింద కోయాలి. గడప చూసుకోవాలి. మన ఇళ్లలో గడపకు పసుపు, కుంకుమ పెడతారు. నేల గడపతో సమానమైపోతే ఆ ఇంటి పెద్దవాళ్లు ఒప్పుకోరు. ముందే చూపించి అడగండి. కింద నేల డొల్లగా ఉంటే ఈ పద్ధతి వద్దు. స్లాబు పాతదై, కింద నుంచి కడ్డీలు బయటపడి కనిపిస్తే ఏ బరువూ పెంచకండి. ముందు ఇంజినీరుకు చూపించమనండి.

మూడోది, తీసేసి కొత్తగా వేయడం. నేల కుంగినప్పుడు, కింద పైపులు మార్చాల్సినప్పుడు, వాటం పూర్తిగా తప్పినప్పుడు ఇదే సరైనది.

యజమానురాలు ఏది ఎంచుకున్నా, మూడూ వివరించి చెప్పింది మీరు. ఎక్కువ డబ్బు వచ్చే పని కాకుండా సరైన పని చెప్పిన మనిషినే ఆమె పక్కింటికి పంపిస్తారు.

టైల్ ఎందుకు లేస్తుంది?

అద్దె ఇళ్లలో ఎక్కువగా వినే ఫిర్యాదు ఇది. ఒకరోజు హఠాత్తుగా రెండు వరుసల టైల్స్ గుడారంలా లేచి నిలబడతాయి. భూకంపం వచ్చిందనుకుని భయపడేవాళ్లూ ఉన్నారు. కారణాలు మామూలువే.

విట్రిఫైడ్ టైల్ నీటిని దాదాపు పీల్చుకోదు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఈ తరహా టైల్ నీటి పీల్చుడు 0.5 శాతానికి మించకూడదు. గోడ టైల్ అయితే 10 శాతం పైన పీల్చుకుంటుంది. సిమెంట్ పాలు టైల్‌లోకి ఇంకి పట్టుకోవాలి కదా! పీల్చుకోని టైల్‌కు ఉత్త సిమెంట్ పట్టు తక్కువ. అందుకే టైల్ జిగురు వాడాలి. వీటికి మన దేశంలో ఐఎస్ 15477 అనే ప్రమాణం ఉంది. 2019 సవరణలో టైప్ 1 నుంచి టైప్ 5 వరకు విభజించారు. బస్తా మీద టైప్ ఏదో, విట్రిఫైడ్‌కు సరిపోతుందో లేదో, టైల్ మీద టైల్‌కు పనికొస్తుందో లేదో చదివాకే కొనండి.

రెండో కారణం, నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి టైల్ అతికించడం. మధ్యలో గాలి ఉండిపోతుంది. మంచం కాలు ఆ గాలి మీద పడితే పగులు. పళ్ల తాపీతో జిగురును గీతలుగా పరిచి, టైల్ వేసి, రబ్బరు సుత్తితో తట్టి, మొదటి రెండు టైల్స్ వెంటనే ఎత్తి చూడండి. వెనక అంతా జిగురు అంటిందా? లేకపోతే మీ పద్ధతి మార్చుకోవాలి.

మూడోది, సందు లేకపోవడం. అతుకు కనిపించకూడదని టైల్‌కు టైల్ ఆనించి వేయమంటారు. వేడికి టైల్, స్లాబు వేర్వేరుగా వ్యాకోచిస్తాయి. పోవడానికి చోటు లేక పైకి లేస్తాయి. మధ్యలో స్పేసర్లు పెట్టి కనీసం 2 మి.మీ. సందు ఉంచండి. గోడ వెంబడి కూడా కొద్దిగా ఖాళీ వదలండి. స్కర్టింగ్ దాన్ని కప్పేస్తుంది.

బాత్‌రూమ్‌లో అసలు సంగతి వాటం. మీటరు దూరానికి కనీసం 1 సెం.మీ. దిగువకు ఉండాలి. రసమట్టం పెట్టి చూడండి. పని అయ్యాక యజమాని ముందే బకెట్ నీళ్లు పోయండి. ఎక్కడా నిలవకుండా మోరీలోకి పోతే, ఇక మీరు చెప్పాల్సిందేమీ లేదు.

అద్దె ఇల్లు లెక్క వేరు

సొంత ఇంట్లో అందం ముఖ్యం. అద్దె ఇంట్లో రోజులు ముఖ్యం. నెల అద్దె 12,000 రూపాయలు అనుకోండి. గది ఒక్కరోజు ఖాళీగా ఉంటే 400 పోయినట్టే. పది రోజుల పనిని ఆరు రోజుల్లో ముగిస్తే యజమానికి 1,600 మిగిలాయి. ఆ లెక్క ఆయనకు చూపించండి. కానీ తొందరలో ఆరే సమయాన్ని కోయకండి. జిగురు మీద వేసిన టైల్ మీద సాధారణంగా 24 గంటలు నడవకూడదు. కంపెనీ రాసిన సమయమే పాటించండి.

అద్దె గదుల్లో ఇప్పుడు వినైల్ పలకలు కూడా వేస్తున్నారు. ఒకదానిలో ఒకటి క్లిక్ అయ్యే రకమైతే పగలగొట్టే పని లేదు, దుమ్ము లేదు, ఒక్కరోజులో గది తయారు. అయితే నేల సమానంగా ఉండాలి, చెమ్మ ఉండకూడదు. కింది అంతస్తు పాత ఇళ్లలో నేల నుంచి చెమ్మ పైకి ఊరుతుంది. తేలికైన పరీక్ష ఒకటుంది. 18 అంగుళాల చదరపు పాలిథిన్ షీట్‌ను నేల మీద పరిచి నాలుగువైపులా టేపు అంటించండి. కనీసం 16 గంటల తర్వాత తీయండి. లోపల నీటి బిందువులు కనిపించినా, నేల రంగు ముదిరినా చెమ్మ ఉన్నట్టే. అక్కడ వినైల్ వేస్తే ఆర్నెల్లలో వాసన మొదలవుతుంది. తిట్లు మీకే.

మరమ్మతు ఖర్చు యజమానిదా, అద్దెదారుదా? తగాదా ఇక్కడే. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఒక విభజన ఉంది. నిర్మాణపరమైన మరమ్మతులు యజమాని బాధ్యత. అద్దెదారు వల్ల జరిగిన నష్టం మాత్రం అద్దెదారుది. ఇది నమూనా మాత్రమే, రాష్ట్రం చట్టం చేస్తేనే వర్తిస్తుంది. అయినా ఒప్పందం రాసుకునేటప్పుడు మంచి ఆధారం. మేస్త్రీగా మీరు చేయగలిగింది ఒకటే. పనికి ముందు, తర్వాత ఫొటోలు తీసి ఇద్దరికీ పంపండి. తీర్పు చెప్పకండి.

లెక్క వస్తేనే లాభం

చదువుకున్న కుర్రాడి అసలు బలం ఇక్కడ బయటపడుతుంది. అదే 10 x 12 గదికి ఎన్ని టైల్స్ కావాలి? ‘2 x 2 టైల్, 4 చదరపు అడుగులు, 120ని 4తో భాగిస్తే 30’ అంటారు. తప్పు! మనం 2 అడుగులని పిలిచే టైల్ నిజానికి 600 మి.మీ. ఒక్కోటి 3.87 చదరపు అడుగులే. అంటే 31 టైల్స్. కోతలు, పగుళ్లకు 10 శాతం కలిపితే సుమారు 34.

ఇక స్కర్టింగ్. గది చుట్టుకొలత 44 అడుగులు. తలుపు 3 అడుగులు తీసేస్తే 41. ఒక టైల్ నుంచి దాదాపు 4 అంగుళాల ఎత్తు పట్టీలు 5 వస్తాయి. 41 అడుగులకు 21 పట్టీలు, అంటే ఇంకో 5 టైల్స్. మొత్తం 39. పెట్టెకు 4 చొప్పున 10 పెట్టెలు. 30 టైల్స్ లెక్కతో 8 పెట్టెలు తెచ్చుంటే? మళ్లీ షాపుకు వెళ్లాలి. అదే బ్యాచ్ దొరక్కపోతే రంగులో తేడా వస్తుంది. అందుకే పెట్టె మీద బ్యాచ్ నంబరు చూసి అన్నీ ఒకేసారి తీసుకోండి. మిగిలిన టైల్స్ యజమాని దగ్గరే దాచిపెట్టమనండి. రేపు ఒకటి పగిలితే అదే దిక్కు.

ఇప్పుడు కూలి లెక్క. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి మాత్రమే, మార్కెట్ రేట్లు కావు. చదరపు అడుగుకు 30 రూపాయలకు గుత్త ఒప్పుకున్నారు అనుకోండి. 120 అడుగులకు 3,600. పని రెండు రోజులు. హెల్పర్‌కు రోజుకు 800 చొప్పున 1,600. ఆటో 300. బ్లేడు అరుగుదల, చిన్న సామాను 200. మీకు మిగిలింది 1,500. రోజుకు 750. అంటే హెల్పర్ కన్నా మీకు తక్కువ! పేరుకు మేస్త్రీ, చేతికి కూలీ. స్కర్టింగ్‌ను విడిగా అడుగుకు 20 చొప్పున రాసి ఉంటే ఇంకో 820 వచ్చేది. తలుపు కోత, శిథిలాల మోత, పాత నేల సరిచేయడం... ప్రతిదీ విడిగా రాయాలి. చాలామంది నష్టపోయేది పని రాక కాదు, రాసుకోక.

ఒక పేజీ కొటేషన్ చాలు. పని ఏమిటి, ఎన్ని అడుగులు, సామాను ఎవరు తెస్తారు, శిథిలాలు ఎవరివి, ఎన్ని రోజులు, బయానా ఎంత, మిగతాది ఎప్పుడు. వాట్సాప్‌లో పంపి ‘ఓకే’ అని జవాబు వచ్చాకే సుత్తి పట్టండి. బయానా తీసుకుని ఇంకో పనికి పరిగెత్తే అలవాటు మాత్రం నేర్చుకోకండి. ఈ రంగంలో పేరు పోయేది అక్కడే.

ఎక్కడ నేర్చుకోవాలి?

మొదటి బడి పని జరిగే చోటే. మంచి మేస్త్రీ దగ్గర మూడు నుంచి ఆరు నెలలు హెల్పర్‌గా చేరండి. హైదరాబాద్‌లో మార్బుల్, టైల్స్ పని చేసే బృందాల్లో రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, బిహార్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది. కాబట్టి హిందీ వస్తే పని త్వరగా పట్టుబడుతుంది. ‘అన్నా, ఇది ఎందుకు ఇలా?’ అని అడగడానికి సిగ్గుపడకండి. అడగగానే చెప్పరు. మాలు కలిపి, టైల్స్ మోసి, సాయంత్రం పనిముట్లు కడిగి పెట్టిన కుర్రాడికి చెబుతారు.

శిక్షణ సంస్థలూ ఉన్నాయి. హైటెక్స్ దగ్గర ఉన్న నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్, అంటే న్యాక్, 1998లో ఏర్పాటైంది. నిర్మాణ రంగ వృత్తుల్లో యువతకు శిక్షణ ఇస్తుంది. ఏ కోర్సుకు ప్రవేశాలు జరుగుతున్నాయో నేరుగా వెళ్లి కనుక్కోండి. ఐటీఐల్లో మేసన్ ట్రేడ్ ఉంది. నిర్మాణ రంగ నైపుణ్య మండలి రూపొందించిన కోర్సుల్లో టైలింగ్ మేసన్‌కు ప్రత్యేక అర్హత ఉంది. ఇప్పటికే పని వచ్చినవాళ్లకు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే ‘ముందస్తు అభ్యాస గుర్తింపు’ పద్ధతి కూడా ఉంది.

చదవడం మీకు అలవాటే కాబట్టి ఇంకో సలహా. భారతీయ ప్రమాణాల సంస్థ పోర్టల్‌లో ప్రమాణ పత్రాలు ఉచితంగా చదవొచ్చు. మొజాయిక్ నేల పోయడానికి ఐఎస్ 2114, సిమెంట్ పలకలు పరచడానికి ఐఎస్ 1443, సిరామిక్ టైల్స్‌కు ఐఎస్ 15622. గ్రూప్స్ సిలబస్‌తో పోలిస్తే ఇవి ఎంత! పదేళ్ల అనుభవమున్న మేస్త్రీల్లో కూడా వీటిని చదివినవాళ్లు అరుదు.

డబ్బు సాయం ఎలా?

పీఎం విశ్వకర్మ పథకం 2023 సెప్టెంబరు 17న మొదలైంది. అందులోని 18 వృత్తుల్లో తాపీ పని ఒకటి. ప్రాథమిక శిక్షణలో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయల సాయం, 5 శాతం వడ్డీకి మొదట 1 లక్ష, తర్వాత 2 లక్షల వరకు రుణం ఉంటాయి. కనీస వయసు 18. కుటుంబంలో ఒక్కరికే. ప్రభుత్వ ఉద్యోగుల కుటుంబాలకు వర్తించదు. ఆ వృత్తిలో స్వయంగా పని చేస్తూ ఉండాలి. అంటే ముందు పని, తర్వాత దరఖాస్తు. ముద్ర రుణాల్లో శిశు విభాగం కింద 50,000 వరకు తీసుకోవచ్చు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. దానికి డబ్బు అడిగే దళారులకు దండం పెట్టండి.

ఇంకోటి మర్చిపోవద్దు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోండి. 18 నుంచి 60 ఏళ్ల లోపువారై, గడిచిన 12 నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి. డిగ్రీ ఉన్నవాళ్లు ‘మనం కార్మికులమా?’ అని ఆగిపోతారు. ప్రమాదం జరిగిన రోజు ఆ కార్డే అక్కరకొస్తుంది.

ఊపిరి, మోకాళ్లు జాగ్రత్త

ఈ పనిలో కనిపించని శత్రువు దుమ్ము. టైల్, గ్రానైట్, కాంక్రీట్ కోసినప్పుడు లేచే పొడిలో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లోకి చేరి సిలికోసిస్ తెస్తుంది. వచ్చాక నయం కాదు. కృత్రిమ రాయి కోసే కార్మికులకు ఈ జబ్బు వస్తోందని ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ రాయి తయారీని, అమరికను నిషేధించింది. మన దగ్గర కుర్రాళ్లు మూతికి దస్తీ కట్టుకుని గ్రైండర్ తిప్పుతుంటారు. దస్తీ ఆ పొడిని ఆపదు. ఎన్95 మాస్కు పెట్టుకోండి. నీళ్లు పోస్తూ కోయండి. నీళ్లూ కరెంటూ ఒకేచోట ఉంటాయి కాబట్టి లీకేజీ వస్తే ట్రిప్ అయ్యే బ్రేకర్ లేకుండా మెషీన్ పెట్టకండి. నిలువు కోతలకు చేతి కట్టర్ వాడితే దుమ్ము చాలా తక్కువ.

సిమెంట్ చేతులను తింటుంది, గ్లౌజులు తప్పవు. రోజంతా మోకాళ్ల మీద పని, కాబట్టి మోకాలి ప్యాడ్లు కొనుక్కోండి. పాత మురికి వదలడం లేదని యాసిడ్, బ్లీచింగ్ కలపకండి. విషవాయువు వస్తుంది. మేస్త్రీ నవ్వినా సరే, మాస్కు తీయొద్దు. నలభై ఏళ్లకు మోకాళ్లూ ఊపిరీ మీతోనే ఉండాలి.

ఇంట్లో ఏమంటారు?

‘డిగ్రీ చదివించింది తాపీ పట్టడానికా?’ ఈ మాట వస్తుంది. కోపంతో కాదు, భయంతో అంటారు. దానికి వాదనతో జవాబు చెప్పలేరు, పద్దు పుస్తకంతో చెప్పగలరు. మొదటి నెల నుంచి ఆదాయం, ఖర్చు రాయండి. మూడు నెలలు అయ్యాక నాన్న ముందు పెట్టండి. ఇంటికి డబ్బు పంపిన నెల ఒకటి వస్తే మాట తీరు మారుతుంది.

బయటి ప్రపంచం ఈ పనిని చిన్నచూపు చూడదు. ప్రపంచ నైపుణ్యాల పోటీ వరల్డ్‌స్కిల్స్‌లో గోడ, నేల టైలింగ్ ఒక విభాగం. జర్మనీలో టైల్స్ వ్యాపారం పెట్టాలంటే మాస్టర్ అర్హత ఉండాలన్న నిబంధనను 2004లో ఎత్తేసి, 2020లో మళ్లీ తెచ్చారు. ఆస్ట్రేలియాలో టైలర్ అంటే నైపుణ్య వృత్తుల్లో ఒకటి. బట్టలు కుట్టే టైలర్ కాదు సుమా! గల్ఫ్‌కు వెళ్లాలనుకుంటే ఏజెంటు మాట నమ్మి పాస్‌పోర్టు చేతికివ్వకండి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది. ఏజెన్సీకి లైసెన్సు ఉందో లేదో కేంద్రం ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడొచ్చు.

మొదటి నెలలో ఇవి చేయండి

మొదటి వారం: మీ గది నేల కొలవండి. రూపాయి నాణెంతో ప్రతి టైల్ మీద తట్టండి. డొల్ల శబ్దం వచ్చినవాటిపై చాక్‌పీసుతో గుర్తు పెట్టి కాగితం మీద బొమ్మ గీయండి. ఇదే మీ మొదటి సర్వే.

రెండో వారం: మూడు టైల్ షాపులు తిరగండి. ధరలు, జిగురు టైపులు, గ్రౌట్ రంగులు రాసుకోండి. ఏ మేస్త్రీ పని బాగుంటుందో షాపువాళ్లకు బాగా తెలుసు, అడగండి.

మూడో వారం: ఒక మేస్త్రీ దగ్గర వారం రోజులు హెల్పర్‌గా వెళ్లండి. ఇక్కడే మీకు అసలు విషయం తెలుస్తుంది. నడుము నొప్పి పుట్టినా మర్నాడు వెళ్లాలనిపిస్తే ఈ పని మీకు సరిపోతుంది. అనిపించకపోతే ఏడు రోజులే కదా పోయింది, నష్టమేమీ లేదు.

నాలుగో వారం: చదువుకూ పనికీ టైంటేబుల్ వేయండి. పరీక్ష తేదీ ఉన్న నెలలో పని ఒప్పుకోవద్దు. లేని నెలల్లో వారానికి మూడు రోజులు పని, మిగతా రోజులు పుస్తకం. ఆర్నెల్లు ఇలా నడిపి చూసి, ఆ తర్వాత నిర్ణయం తీసుకోండి.

ఉద్యోగం వస్తే మంచిదే. సొంత ఇల్లు కట్టుకునే రోజున మేస్త్రీ మిమ్మల్ని మోసం చేయలేడు. రాకపోతే చేతిలో పని ఉంటుంది, నాలుగు పేటల్లో పేరు ఉంటుంది. రెండింటిలో ఏది జరిగినా ఈ ఆర్నెల్లు వృథా పోవు.